‘రన్ అయిందిగా, ఇంకేం?’ అనే వాదానికి జవాబు

షెల్ స్క్రిప్టింగ్ పనిగట్టుకుని నేర్చుకోనక్కర్లేదు. అవసరం పడ్డ రోజున నెట్‌లో వెతికో, చాట్‌బాట్‌ను అడిగో తెచ్చి అతికించుకుంటే సరిపోతుంది. పిడుగురాళ్లలో కంప్యూటర్ కోర్సులు చెప్పేవాళ్లను అడిగినా, నరసరావుపేటలో బీటెక్ చదివే పిల్లల్ని కదిపినా, హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే కుర్రాళ్లతో మాట్లాడినా ఈ మాటే వినబడుతోంది. చెప్పేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. ఈ మాట ఇంత దూరం పాకిందీ అందుకే. కాబట్టి జవాబు కూడా అరకొరగా చెబితే కుదరదు.

ముందు వాళ్ల వాదాన్ని వాళ్ల వైపు నిలబడి చెబుతాను. మనం టైపు చేసే కమాండ్లను నడిపే షెల్ ఐదు దశాబ్దాల నాటి సరుకు. దాని రాత వికారంగా ఉంటుంది: వేరియబుల్‌కు విలువ ఇచ్చేటప్పుడు సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు, బ్రాకెట్ల లోపల ఖాళీ ఉండి తీరాలి. అదే పని పైథాన్‌లో శుభ్రంగా రాసుకోవచ్చు. షెల్‌లో ఎదురయ్యే తిప్పలు వందల రకాలు, అన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. రాసేదేమో పది లైన్ల స్క్రిప్టు, అది రన్ అయితే చాలు. చాట్‌బాట్ క్షణంలో రాసిస్తున్నప్పుడు నెలల తరబడి దాంతో కుస్తీ పట్టడం దండగ. పైగా మన ఊళ్లో దీంతో పడే పనెంత?

మొత్తం ఆరు ముక్కలు. వినడానికి ఆరూ సబబుగానే ఉంటాయి. విడదీసి చూస్తే ఒక్కటీ పూర్తిగా నిలబడదు.

1. ‘పాతది, కాలం చెల్లింది’

పాతదన్న మాట నిజమే. యూనిక్స్‌కు మొదటి షెల్‌ను కెన్ థాంప్సన్ 1971లో రాశాడు. బెల్ ల్యాబ్స్‌లోనే స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో ఏడో వెర్షన్ యూనిక్స్‌తో బయటికొచ్చింది. మనం ఎక్కువగా వాడే బ్యాష్‌ను గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయన్ ఫాక్స్ రాశాడు. అది 1989లో విడుదలైంది.

అయితే ‘పాతది’ అన్నది ఒక మాట, ‘పోయింది’ అన్నది వేరే మాట. వీళ్లు మొదటిదాన్ని రుజువు చేసి రెండోదాన్ని ఉచితంగా జేబులో వేసుకుంటారు. క్లౌడ్‌లో కొత్త మెషీన్ లేచినప్పుడు దానికి చేయాల్సిన ఏర్పాట్లు చాలాచోట్ల షెల్ స్క్రిప్టుతోనే జరుగుతాయి. కంటైనర్ మొదలవగానే నడిచే ఫైలు చాలాసార్లు షెల్ స్క్రిప్టే. కోడ్ పంపగానే దాన్ని పరీక్షించి సర్వరు మీదికి ఎక్కించే యంత్రాంగంలో చాలా మెట్లు షెల్ కమాండ్లే. ఆధునికమని మురిసిపోయే ప్రతి అంతస్తు కిందా ఇదే నేల.

నేల పాతదైతే మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. 2014 సెప్టెంబరు 24న ‘షెల్‌షాక్’ అనే లోపం బయటపడింది. కనిపెట్టినవాడు స్టెఫాన్ షాజెలా. బ్యాష్ మొదలైన 1989 నుంచి, అంటే పాతికేళ్లుగా, అది అక్కడే ఉంది. కొన్ని రకాల వెబ్ సర్వర్లకు ఒక ప్రత్యేకమైన వరస పంపిస్తే చాలు, పరాయివాడి కమాండు మన మెషీన్ మీద నడిచిపోయేది. ఆ వారం ప్రపంచమంతటా లెక్కలేనన్ని సర్వర్లకు మరమ్మతులు చేసుకోవాల్సి వచ్చింది. కాలం చెల్లిన వస్తువు కోసం ఎవరూ అంత హడావుడి పడరు.

ఇంకా దగ్గరి ఉదంతం కావాలంటే 2024 మార్చి నెలాఖరు చూడండి. ‘ఎక్స్‌జెడ్’ అనే కంప్రెషన్ లైబ్రరీలోకి ఎవరో దొంగదారి చొప్పించారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబోతే అది దొరికింది. ఆ విషం లోపలికి వెళ్లిన దారి ఏమిటి? సాఫ్ట్‌వేర్ బిల్డ్ చేసేటప్పుడు నడిచే షెల్ వరసలు, టెస్ట్ ఫైళ్ల ముసుగులో దాచిన షెల్ స్క్రిప్టు. ఎవరూ పట్టించుకుని చదవని చోటు చూసుకుని మరీ దాచారు. షెల్ చదవడం దండగన్న నమ్మకమే దాచినవాడికి కొండంత అండ.

2. ‘పైథాన్ వస్తే చాలు’

ఇందులో సగం నిజముంది, అది ఒప్పుకుంటాను. గూగుల్ తన షెల్ రచనా నియమాల్లో షెల్‌ను చిన్న పనులకే వాడమంటుంది. స్క్రిప్టు 100 లైన్లు దాటితే వేరే భాషలోకి మార్చమంటుంది. మంచి సలహా. అయితే ఆ సలహా ఉన్నది ఎక్కడ? షెల్ ఎలా రాయాలో, కోట్స్ ఎక్కడ పెట్టాలో, కమాండు ఫలించిందో లేదో చెప్పే ఎగ్జిట్ కోడ్ ఎలా చూడాలో వివరంగా చెప్పే నియమావళి మొదట్లో. ‘ఎక్కువ రాయకండి’ అన్నవాడు ‘నేర్చుకోకండి’ అనలేదు.

పైథాన్‌లోకి పారిపోయినంత మాత్రాన షెల్ వదిలిపెట్టదు. పైథాన్ ప్రోగ్రామును రోజూ రాత్రి లేపేది, చెప్పిన వేళకు పనులు మొదలుపెట్టే క్రాన్. క్రాన్ దాన్ని షెల్ ద్వారానే నడుపుతుంది. ప్రోగ్రాములోంచి బయటి కమాండు పిలవాల్సి వస్తే ‘ఓఎస్ డాట్ సిస్టమ్’ అని రాసి ఫైలు పేరు దాని తోకకు తగిలిస్తారు. పేరులో ఖాళీ ఉందా, సెమికోలన్ ఉందా అని చూడరు. షెల్‌లో ఏ గుంట ఉందో అదే గుంట, మీదికి కొత్త మూత. ‘సబ్‌ప్రాసెస్ రన్’ వాడినా, ‘చెక్’ అన్నదాన్ని ‘ట్రూ’ చేయకపోతే లోపలి కమాండు విఫలమైనా ప్రోగ్రాము ఏమీ ఎరగనట్టు ముందుకు పోతుంది.

కాబట్టి పైథాన్ ఎందుకు వాడాలో నిర్ణయించాలన్నా ముందు షెల్ ఎక్కడ విరుగుతుందో తెలియాలి. అది తెలియకుండా భాష మార్చితే సమస్య చిరునామా మారుతుందంతే.

3. ‘తిప్పలు వందలు, గుర్తుపెట్టుకోవడం అసాధ్యం’

ఈ ముక్క మీద ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే మిగతా వాదమంతా దీని మీదే కూర్చుంది.

పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నం బట్టీల వ్యాపారంలో లారీ కాటా ఎక్కితే చీటీ పుడుతుంది: చీటీ నంబరు, లారీ నంబరు, కిలోలు, పార్టీ పేరు. కాటా గదిలో విండోస్ కంప్యూటర్ ఉంది. రాత్రికి ఆ రోజు ఫైలు ఆఫీసులోని లినక్స్ మెషీన్‌కు కాపీ అవుతుంది. అక్కడ ఒక స్క్రిప్టు మొత్తం బరువు కూడి యజమానికి మెసేజ్ పంపుతుంది అనుకుందాం. ఈ ఏర్పాటు నా ఊహే. ఇందులో వచ్చే తిప్పలు మాత్రం ఒక్కటీ ఊహ కాదు. ఎవరి టెర్మినల్‌లోనైనా తెప్పించి చూసుకోవచ్చు.

నెట్‌లో ముందుగా చేతికి తగిలే పద్ధతి ఇది: ‘క్యాట్’తో ఫైలు తెరిచి, పైప్ పెట్టి, ‘వైల్ రీడ్’ లూప్‌లోకి పంపి, ఒక్కో లారీ బరువూ మొత్తానికి కలుపుతూ పోవడం. లూప్ లోపల ప్రింట్ చేస్తే లెక్క పెరుగుతూ కనబడుతుంది. లూప్ దాటాక ప్రింట్ చేస్తే సున్నా. బ్యాష్‌లో పైప్‌కు అవతల పెట్టిన లూప్ మామూలుగా వేరే ప్రాసెస్‌లో, సబ్‌షెల్‌లో నడుస్తుంది. కూడిన మొత్తం ఆ సబ్‌షెల్‌తో పాటే పోయింది.

సరే, పైప్ తీసేసి ఫైలును నేరుగా లూప్‌లోకి మళ్లించాం. మొత్తం వచ్చింది, కానీ చేతి లెక్క కన్నా ఒక లోడు తక్కువ. కాటా సాఫ్ట్‌వేర్ చివరి వరస తర్వాత కొత్త లైను గుర్తు పెట్టలేదు. ‘రీడ్’ ఆ వరసను చదివింది గానీ, చివర గుర్తు దొరకలేదు కాబట్టి విఫలమైనట్టు చెప్పింది. లూప్ అక్కడితో ఆగిపోయింది. రాత్రి ఆఖరి లారీ లెక్కలోంచి మాయం. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. రోజుకో లోడు చొప్పున నెలాఖరుకు ఎన్ని లోడ్లు పోయినట్టో వ్యాపారం తెలిసినవాళ్లు లెక్కేసుకోండి.

తర్వాతిది చీటీ నంబరు. తర్వాతి చీటీ కోసం ఒకటి కలపమంటే 0008 దగ్గర బ్యాష్ ఎర్రర్ ఇస్తుంది. అది నయం, కనీసం అరిచింది. 0100 దగ్గర అరవదు. దాన్ని 64 అనుకుని 65 చేతిలో పెడుతుంది. ముందు సున్నా ఉన్న అంకెను అది ఎనిమిది ఆధారంగా ఉన్న లెక్కగా చదువుతుంది. నెల నంబరుతో కూడికలు చేసే స్క్రిప్టు ఇదే కారణంతో జూలై దాకా నిక్షేపంగా నడిచి, ఆగస్టు, సెప్టెంబరుల్లో పడిపోయి, అక్టోబరులో దానంతటదే లేచి కూర్చుంటుంది. అంకె ముందు 10# అని పెడితే బ్యాష్ దాన్ని మామూలు పదుల లెక్కలో చదువుతుంది. మందు మూడు అక్షరాలే. రోగం తెలియనివాడికి మాత్రం అది చేతబడిలా కనబడుతుంది.

పార్టీ పేరు పోల్చి చూస్తే కళ్లెదుట ఒకటే పేరున్నా ‘వేరు’ అంటుంది. విండోస్ ప్రతి లైను చివరా ఒక కనబడని అక్షరం అదనంగా పెడుతుంది, అది పేరుకు అంటుకుని వచ్చింది. స్క్రిప్టునే నోట్‌ప్యాడ్‌లో రాసి లినక్స్‌కు తెస్తే ఇంకా వింత: మొదటి లైను చివర అదే అక్షరం తగులుకుని, ఆ పేరుతో ప్రోగ్రామే లేదంటుంది. ఇక ఫైలు పేరు ‘కాటా 12 ఆగస్టు’ అని ఉంటే, వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ లేకపోతే షెల్‌కు అది ఒక ఫైలు కాదు, మూడు. చివరికి అన్నీ సరిచేసి క్రాన్‌లో పెడితే, చేత్తో నడిపినప్పుడు నడిచింది అక్కడ నడవదు. క్రాన్‌కు మన టెర్మినల్‌లో ఉండే, ప్రోగ్రాములను వెతికే దారులు తెలియవు. తేదీ కోసం రాసిన % గుర్తు క్రాన్ పట్టికలో కొత్త లైనుగా మారిపోతుంది. సర్వరు గడియారం గ్రీనిచ్ లెక్కలో ఉంటే రాత్రి 11కి పెట్టిన పని మనకు తెల్లవారుజామున 4:30కి మొదలవుతుంది.

చూశారా, ఎన్ని తిప్పలో! ‘మేం చెప్పిందీ ఇదే కదా’ అంటారు. కాదు, ఇక్కడే వాళ్ల లెక్క తప్పింది. వీటన్నిటి వెనకా ఉన్నవి నాలుగే ప్రశ్నలు. నేను రాసిన వరసను కమాండుకు ఇచ్చేముందు షెల్ ఎలా విడదీస్తుంది? ఇది ఏ ప్రాసెస్‌లో, ఏ పరిసరాల్లో నడుస్తోంది? చేతికొచ్చిన డేటాలో నిజంగా ఏ అక్షరాలున్నాయి, షెల్ వాటిని ఏమనుకుంటోంది? విఫలమైతే ఎవరికి, ఎలా తెలుస్తుంది? ఫైలు పేరులో ఖాళీ మొదటి ప్రశ్న. మాయమైన మొత్తం, క్రాన్ మొండితనం రెండోది. 0100, విండోస్ అక్షరం మూడోది. ఆఖరి లారీ మూడు, నాలుగు కలిసిన ముడి. మందుల పేర్లు వందలుండొచ్చు, నేర్చుకోవాల్సింది రోగనిర్ణయం. అతికించుకునేవాడు ప్రతిసారీ కొత్త మందు వెతుకుతాడు, అందుకే అతనికి వందలు కనబడతాయి.

4. ‘చిన్న స్క్రిప్టే, రన్ అయితే చాలు’

రన్ అవడానికీ పని సరిగ్గా జరగడానికీ షెల్‌లో సంబంధం చాలా పలచన. మధ్యలో ఒక కమాండు విఫలమైనా షెల్ మామూలుగా ఆగదు, తర్వాతి లైనుకు వెళ్తుంది. ‘సీడీ’తో ఒక ఫోల్డరులోకి వెళ్లి అక్కడున్నవన్నీ ‘ఆర్‌ఎం’తో తీసేయమని రాశారనుకోండి. ఫోల్డరు లేక ‘సీడీ’ విఫలమైతే, ‘ఆర్‌ఎం’ మీరు నిలబడి ఉన్న చోటును ఊడుస్తుంది. పైప్‌లో ఇంకో మెలిక: ఫలితంగా బయటికొచ్చేది చివరి కమాండు ఎగ్జిట్ కోడ్ మాత్రమే. డేటాబేస్‌ను తీసి కుదించి దాచే బ్యాకప్ వరసలో, తీయడం విఫలమై కుదించడం సజావుగా జరిగితే ఒక బుల్లి ఫైలు పుడుతుంది, స్క్రిప్టు ‘సున్నా, అంతా క్షేమం’ అంటుంది. దీన్ని పట్టుకునే ‘పైప్‌ఫెయిల్’ బ్యాష్‌లో ఏనాటి నుంచో ఉంది. 2024లో యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోజిక్స్‌లోకీ వచ్చింది. వాడాలని తెలిస్తేనే కదా వాడేది.

చిన్న స్క్రిప్టు చిన్న నష్టమే చేస్తుందన్న భ్రమకు చరిత్ర ఎప్పుడో జవాబు చెప్పింది. 2001 నవంబరులో యాపిల్ ఐట్యూన్స్ 2.0ను విడుదల చేసింది. ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టులో డిస్కు పేరు చుట్టూ కోట్స్ పెట్టలేదు. డిస్కు పేరులో ఖాళీ ఉన్న కొందరి డేటా తుడిచిపెట్టుకుపోయింది. యాపిల్ దాన్ని వెనక్కి తీసుకుని 2.0.1 ఇవ్వాల్సి వచ్చింది. 2011లో బంబుల్‌బీ అనే లినక్స్ ప్రోగ్రాము ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒక దారి మధ్య అనవసరమైన ఒకే ఒక్క ఖాళీ పడింది. వాడుకున్నవాళ్ల మెషీన్లలో సిస్టమ్ ఫైళ్లుండే ‘/యూఎస్‌ఆర్’ ఫోల్డరు మొత్తం పోయింది. 2015 జనవరిలో స్టీమ్ గేమింగ్ ప్రోగ్రాము లినక్స్ స్క్రిప్టు వంతు. తీసేయాల్సిన ఫోల్డరు పేరుండే వేరియబుల్ ఖాళీగా వచ్చింది, మిగిలింది ‘/*’ మాత్రమే. వాడుకునేవాడికి ఏయే ఫైళ్ల మీద హక్కుందో అన్నీ ఎగిరిపోయాయి. ఆ లైను పైనే, రాసినవాడు ఇది భయంకరంగా ఉందంటూ వ్యాఖ్య కూడా రాసుకున్నాడు. భయపడ్డాడు, పరీక్షించలేదు.

అన్నిటికన్నా పెద్ద పాఠం, కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ కంపెనీది. 2017 జనవరి 31న ఒక ఇంజినీరు పొరపాటున వేరే సర్వరు మీద డేటా తీసేసే కమాండు ఇచ్చాడు. దాదాపు 300 జీబీ డేటాబేస్ దాదాపుగా ఖాళీ. మనిషన్నాక చెయ్యి జారుతుంది. బ్యాకప్ ఉండేది అందుకే. వెళ్లి చూస్తే బ్యాకప్ చోటు ఖాళీ. డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే బ్యాకప్ తీసే ప్రోగ్రాము 9.2 వెర్షన్‌ది నడుస్తోంది. అది నడిచిన ప్రతిసారీ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పాల్సిన ఈమెయిళ్లను మెయిల్ సర్వరు తిప్పికొడుతోంది. అదృష్టం కొద్దీ ఒక ఇంజినీరు ఆరు గంటల ముందు చేత్తో తీసిన కాపీ ఉండబట్టి నష్టం ఆ ఆరు గంటలకు పరిమితమైంది. ఆ కంపెనీ జరిగిందంతా దాచకుండా ప్రపంచానికి చెప్పింది, ఆ పెద్దమనసుకు దండం పెట్టాలి. ఆ బ్యాకప్ పని రోజూ తన వేళకు మొదలవుతూనే ఉందని మాత్రం మరవొద్దు. ‘రన్ అయిందిగా’ వాదానికి ఇంతకన్నా పెద్ద చెంపదెబ్బ ఏముంటుంది?

5. ‘చాట్‌బాట్ రాసిస్తుంది’

రాసిస్తుంది. చాలాసార్లు బాగానే రాస్తుంది, కోట్స్ కూడా మరవదు. నా అభ్యంతరం దాని చేతిరాత మీద కాదు.

అది మీరు అడిగినదానికి జవాబిస్తుంది. మీ ఫైలులో చివరి లైను గుర్తు లేదని, చీటీ నంబర్ల ముందు సున్నాలున్నాయని, మెషీన్ మీద ఉన్నది బ్యాషో, ఉబుంటులో 2006 నుంచి ‘ఎస్‌హెచ్’ పేరు వెనకున్న వేరే షెల్ డ్యాషో మీరు చెప్పలేదు. చెప్పాలని మీకు తెలియదు. తెలిసుంటే సగం సమస్య అక్కడే విడిపోయేది. వచ్చిన జవాబు సరైనదో కాదో తేల్చాలన్నా మళ్లీ అదే జ్ఞానం కావాలి. నేర్చుకోవడం మానేసినవాడు రాసే పనితో పాటు తీర్పు చెప్పే పనినీ వదులుకున్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు వచ్చిందల్లా అతికిస్తాడు.

ఉదాహరణకు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: స్క్రిప్టు మొదట్లో ‘సెట్ మైనస్ ఈ’ అని పెట్టండి, ఏది విఫలమైనా ఆగిపోతుంది. అది ఎక్కడ బెడిసికొడుతుందో చూడండి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. పిడుగురాళ్ల గుంటూరు జిల్లాలోంచి అందులోకి వచ్చింది. పిడుగురాళ్ల ఖాతాదారుల ఫైలులో ‘గుంటూరు’ అన్న వరసలను ‘గ్రెప్’తో ఏరే స్క్రిప్టు ఉందనుకోండి. ఫైలులో జిల్లా పేరు మార్చాక ఒక్క వరసా దొరకదు. ‘సెట్ మైనస్ ఈ’ లేకపోతే స్క్రిప్టు ఖాళీ జాబితాతో నిశ్చింతగా పని ముగిస్తుంది. ఉంటే, ఏమీ దొరకనప్పుడు ‘గ్రెప్’ ఇచ్చే కోడ్ 1 చూసి, ఒక్క ముక్క చెప్పకుండా మధ్యలో చచ్చిపోతుంది. రెండూ తప్పే. ‘దొరకలేదు’ అన్నది ఇక్కడ మామూలు సంగతా, ప్రమాదమా? అది తేల్చాల్సింది ఆ వ్యాపారం తెలిసిన మనిషి. మంత్రాక్షరాల్లా ఒక లైను అతికిస్తే తేలదు.

తెలుగు విషయానికొస్తే అరువు జవాబులు మరీ ఘోరంగా బోల్తా కొడతాయి. ‘పిడుగురాళ్ల’ మన కంటికి ఐదక్షరాలు. యూనికోడ్‌లో గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కేస్తే 11. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు కాబట్టి మొత్తం 33. లెక్కపెట్టే ‘డబ్ల్యూసీ’ కమాండును ఒక తీరున అడిగితే 11 అంటుంది, ఇంకో తీరున అడిగితే 33 అంటుంది, ఎలా అడిగినా ఐదు అనదు. మొదటి ఐదక్షరాలు ఇమ్మని గ్నూ వారి ‘కట్’ను అడిగితే, అది ఏళ్ల తరబడి అక్షరమంటే బైటనే అనుకుంటూ వచ్చింది కాబట్టి, ‘ప’ను ఇచ్చి దాని గుడిని మధ్యలో నరికి చేతిలో పెడుతుంది. ఇంగ్లిష్ పేర్ల మీద పరీక్షించిన జవాబులో ఈ లోపం ఎప్పటికీ బయటపడదు. మన పేర్లు, మన ఫైళ్లు మనమే పరీక్షించుకోవాలి. ఇంకెవరు చేస్తారు?

6. ‘మన ఊళ్లో దీంతో పనేంటి?’

ఈ వాదం మాత్రం పూర్తిగా తలకిందులు. పెద్ద కంపెనీలో స్క్రిప్టును నలుగురు చూస్తారు, తప్పులు పట్టే యంత్రాంగం ఉంటుంది, రాత్రిపూట కాపలా మనిషి ఉంటాడు. అయినా గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగిందో చూశాం. పిడుగురాళ్లలో కాటా కంప్యూటర్, ఆసుపత్రి బిల్లింగు, స్కూలు మార్కుల ఫైలు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు లెక్కలు ఒకే కుర్రాడు చూసే చోట అతని తప్పును పట్టే రెండో మనిషే లేడు. ఆసరా ఎక్కడ తక్కువో జ్ఞానం అక్కడ ఎక్కువ కావాలి. ‘ఇంటర్వ్యూలో దీన్ని అడగరు’ అని కొందరంటారు, అది జవాబే కాదు. ఫైళ్లు పోయేది ఇంటర్వ్యూ గదిలో కాదు.

కాలేజీలు ఈ నిందలో తమ వాటా తీసుకోవాలి. జేఎన్‌టీయూ ల్యాబుల్లో తరాలుగా నడుస్తున్న అభ్యాసం ఒకటుంది: ఫైలు పేరు, మొదటి లైను నంబరు, చివరి లైను నంబరు ఇస్తే మధ్యలోని లైన్లన్నీ చూపే స్క్రిప్టు రాయండి. అభ్యాసంలో లోపం లేదు, చక్కటిది. దాన్ని దిద్దే తీరులో ఉంది లోపం. ఖాళీ లేని ఒక ఫైలు పేరు, సవ్యమైన రెండు అంకెలు ఇస్తారు. అవుట్‌పుట్ వస్తుంది, రికార్డులో సంతకం పడుతుంది. ఫైలు పేరులో ఖాళీ ఉంటే? అసలు ఆ ఫైలే లేకపోతే? చివరి నంబరు మొదటిదాని కన్నా చిన్నదైతే? ఏమీ ఇవ్వకుండా ఎంటర్ కొడితే? ఈ నాలుగు ప్రశ్నలు వైవాలో అడిగితే సగం రికార్డులు వెనక్కి వస్తాయి. అడగరు కాబట్టే ‘రన్ అయింది’ అంటే ‘అయిపోయింది’ అని నాలుగేళ్లు నేర్పించి పంపుతున్నాం.

సాధనాలు లేవనడానికి వీల్లేదు. లినక్స్ ఉచితం, పాత ల్యాప్‌టాప్ చాలు. విండోస్‌లోనే లినక్స్ నడిపే వీలూ ఉంది. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన ‘స్వేచ్ఛ’ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. విడార్ హోలెన్ తయారుచేసిన ‘షెల్‌చెక్’ అనే ఉచిత ప్రోగ్రాము కోట్స్ మరిచిన చోట వేలు పెట్టి చూపిస్తుంది. స్టీమ్‌ను ముంచిన వరస లాంటిది కనబడితే హెచ్చరిస్తుంది. లేనిది తప్పును వెతకాలన్న బుద్ధి.

నా మాట ఇది

షెల్ మీద భక్తి పెంచమని నేను అడగడం లేదు. అది వికారమైన భాషే. పెద్ద ప్రోగ్రాములు దాంతో కట్టకండి. కానీ రాసేది, నడిపేది ఎంత చిన్నదైనా కొన్ని షరతులకు లోబడాలి, వీటిలో బేరం లేదు. వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ ఉండాలి. తీసేస్తే ఎందుకు తీశారో చెప్పగలగాలి. ప్రతి ముఖ్యమైన కమాండు తర్వాత అది విఫలమైతే ఏం జరగాలో రాసి ఉండాలి. ఏదైనా చెరిపే స్క్రిప్టు ముందు ఏం చెరపబోతోందో చూపించాలి. దారి పేరు ఖాళీగా వస్తే అక్కడికక్కడే ఆగిపోవాలి. ఖాళీలున్న పేర్లు, తెలుగు పేర్లు, ఖాళీ ఫైలు, చివరి లైను గుర్తు లేని ఫైలు, 08తో మొదలయ్యే తేదీ ఇచ్చి పరీక్షించాలి. బ్యాకప్ తీశామని చెప్పేవాడు దాన్ని వెనక్కి తెచ్చి చూపించాలి. చాట్‌బాట్ ఇచ్చినా, స్నేహితుడు పంపినా, చదివి అర్థం కాని లైను ఎవరి మెషీన్ మీదా నడపకూడదు.

ఇవి నేర్చుకోవడానికి ఒక సెమిస్టర్ కూడా పట్టదు. నేర్చుకోకుండా తప్పించుకున్న సమయం మాత్రం ఎక్కడికీ పోదు. రాసినవాడు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాక, కాటా యజమానో ఆసుపత్రి గుమస్తానో దాన్ని వడ్డీతో కడతాడు.

అందుకే స్క్రిప్టులు రాయించుకునే షాపులవాళ్లకు, ఆఫీసులవాళ్లకు, ల్యాబులో సంతకాలు పెట్టే మాస్టార్లకు ఒకటే చెబుతున్నాను. ఎవరు స్క్రిప్టు తెచ్చి రన్ చేసి చూపించినా, తప్పిన రోజున ఆ సంగతి మనకెలా తెలుస్తుందని అడగండి. జవాబు లేకపోతే ఆ స్క్రిప్టు తీసుకోకండి, దానికి మార్కులు వేయకండి, డబ్బులు ఇవ్వకండి.